పేరు చెప్పని ఓటరు

ప్రజాస్వామ్యం గురించి మాట్లాడమంటే చాలామంది పార్లమెంటు దగ్గర మొదలుపెడతారు. తరవాత సుప్రీంకోర్టు, పత్రికలు, ప్రతిపక్షం. ఇవన్నీ స్తంభాలంటారు. కాదనను. కాని ఆ స్తంభాలు మన ఇంటికి కాస్త దూరం. ఇవాళ నేను మన పేటలోని స్కూల్లో, పోలింగు జరిగే చోట పెట్టే ఒక కాగితాల కట్ట గురించి చెబుతాను. ఓటర్ల జాబితా అంటారు దాన్ని. చూడ్డానికి అందం లేదు, చదవడానికి కథ లేదు. వరసగా పేర్లు, పక్కన తండ్రి పేరో భర్త పేరో, వయసు, ఇంటి నంబరు. అంతే. కాని ఆ కట్టలో పేరు లేకపోతే మనకి పార్లమెంటుతో నిమిత్తం లేదు, పార్లమెంటుకి మనతో నిమిత్తం లేదు.

ఆ జాబితాని మనం ఎప్పుడు చూస్తాం? చాలామందిమి పోలింగు నాడు చూస్తాం. వంట త్వరగా ముగించుకుని, మంచి చీర కట్టుకుని, లైన్లో గంటసేపు నిలబడ్డాక లోపలున్న ఆయన వేలు కిందికి జరుపుకుంటూ పోయి "మీ పేరు లేదమ్మా" అంటాడు. అప్పుడు చూస్తాం. అప్పటికి గడువు దాటిపోయి ఉంటుంది. ఎంత గట్టిగా దెబ్బలాడినా ఆ పూటకి లాభం లేదు.

ఈ జాబితా తయారుచెయ్యడం సర్కారు పని కదా, మనమేం చెయ్యగలం అంటారేమో. సర్కారు పనే. కాని మనం చెప్పకపోతే సర్కారుకి తెలియని సంగతులతో ఆ జాబితా నిండి ఉంటుంది. ఇది నా మాట కాదు. మన దేశం మొట్టమొదటి ఎన్నికలప్పుడే ఈ సంగతి బయటపడింది. బయటపెట్టినది ఆడవాళ్లే.

స్వతంత్రం వచ్చాక మొదటి సాధారణ ఎన్నికలు 1951 అక్టోబరు నుంచి 1952 ఫిబ్రవరి దాకా సాగాయి. ఎన్నికల సంఘం 1950 జనవరి 25న ఏర్పడింది. అంటే అప్పటికి దానికి రెండేళ్లు కూడా నిండలేదు. మొదటి ప్రధాన కమిషనరు సుకుమార్ సేన్. ఆయన చేతిలో పడ్డ పని చూడండి: 17 కోట్ల పైచిలుకు ఓటర్లు, నూటికి ఎనభై మందికి పైగా చదువు రానివాళ్లు. గుర్తు చూసి ఓటు వెయ్యాలి కాబట్టి ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె. ఇవన్నీ ఎలాగో సమకూరాయి. చిక్కు వచ్చిపడింది పేర్ల దగ్గర.

ఇల్లిల్లూ తిరిగి పేర్లు రాసుకునే గుమాస్తా వీధి అరుగు మీద కూర్చుని అడుగుతాడు: "ఇంట్లో ఆడవాళ్లు ఎంతమంది? పేర్లేమిటి?" లోపలినించి జవాబు రాదు. పరాయి మగవాడికి ఇంటి ఆడదాని పేరు చెప్పడమా! చివరికి ఎవరో "ఫలానా ఆయన భార్య అని రాసుకోండి" అంటారు. ఇంకో ఇంట్లో "ఫలానా ఆయన కూతురు." వాళ్లు అలాగే చెప్పారు, ఇతను అలాగే రాసుకున్నాడు. లక్షల పేర్లు ఇలా తయారయ్యాయి. ఇవి దాదాపు అన్నీ బీహారు, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్, అప్పటి మధ్యభారత్, వింధ్యప్రదేశ్ ప్రాంతాలవి. మనవైపు ఈ చిక్కు అంతగా రాలేదు. మనవాళ్లు మొగుడి పేరు చెప్పడానికి మెలికలు తిరుగుతారు గాని తమ పేరు చెప్పడానికి తిరగరు! (ఆ భర్త పేరు గడి నింపడానికి పక్కనున్న పిల్లాణ్ణి పిలిచి "మీ నాన్న పేరు చెప్పరా" అన్న ఇళ్లు మాత్రం మనకి బోలెడు.)

ఇక్కడ ఎన్నికల సంఘం ఏం చెయ్యాలి? చూసీ చూడనట్టు పోవచ్చు. జాబితా నిండుగా కనిపిస్తుంది, ఎవరికీ కోపం రాదు. సేన్ ఆ దారి తొక్కలేదు. అసలు పేరు చెప్పించండి, చెప్పకపోతే ఆ నమోదు తీసెయ్యండి అన్నారు. ఎంత ప్రయత్నించినా పేరు బయటపెట్టని స్త్రీలు చివరికి 28 లక్షల మంది దాకా మిగిలారు. దేశం మొత్తం మీద ఉన్న దాదాపు 8 కోట్ల స్త్రీ ఓటర్లలో 28 లక్షల నమోదులు కొట్టేశారు. గగ్గోలు పుట్టింది. పుట్టడమే మంచిది, వచ్చే ఎన్నికల నాటికి ఈ అలవాటు పోతుంది అని సేన్ భావించారు.

ఆయన చేసింది న్యాయమేనా? నాకు ఒకపక్క సబబుగానే తోస్తుంది. "రామశర్మ భార్య" అని మాత్రం ఉంటే, పోలింగు నాడు ఎవరు ముసుగు వేసుకొచ్చి నేనే ఆవిణ్ణి అన్నా కాదనడానికి ఆధారమేముంది? ఆవిడ ఓటు ఆవిడది కాకుండా, ఆ ఇంటివాళ్లదో ఆ ఊరి పెద్దదో అయిపోతుంది. ఇంకోపక్క చూస్తే, పేరు చెప్పొద్దన్నది పెద్దలు, శిక్ష పడ్డది లోపల కూర్చున్న ఇల్లాలికి. ఆవిణ్ణి ఎవరూ నేరుగా అడిగి ఉండకపోవచ్చు కూడా. నిబంధన ఎంత మంచిదైనా, అది మనిషి చెవిన పడకపోతే దాని బరువు మోసేది అన్యాయంగా ఆ మనిషే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

"ఫలానావారి భార్య" అన్న మాటకి ఇంకా వెనకటి చరిత్ర ఉంది. తెల్లవాళ్ల హయాంలో ఓటు అందరికీ లేదు. ఆస్తి ఉన్నవాడికి, పన్ను కట్టేవాడికి, చదువుకున్నవాడికి ఉండేది. ఆడవాళ్ల పేరున ఆస్తి ఎక్కడిది? మద్రాసు రాష్ట్రంలో 1921లోనే స్త్రీలకి ఓటు వచ్చిందిగాని, ఆ షరతుల మూలంగా అది పట్టుమని పదిమందికీ దక్కలేదు. 1935 చట్టంలో దీనికొక ఉపాయం కనిపెట్టారు. భర్తకి తగినంత ఆస్తి ఉంటే ఆ భార్యకీ ఓటు ఇవ్వచ్చునన్నారు! అంటే ఆవిడకి ఓటు వచ్చేది ఆవిడ మనిషి అయినందుకు కాదు, ఆస్తిపరుడి భార్య అయినందుకు. దీన్ని వద్దన్నది మగవాళ్లు కాదు. అఖిల భారత మహిళా సభ వంటి స్త్రీల సంఘాలే వద్దన్నాయి. రాజకుమారి అమృత్ కౌర్, డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి, బేగం హమీద్ అలీ 1933లో లండన్ దాకా వెళ్లి పార్లమెంటు కమిటీ ముందు సాక్ష్యం ఇచ్చారు. పెళ్లితో ముడిపెట్టకండి, వయసొచ్చిన ప్రతి మనిషికీ ఓటివ్వండి అని వాళ్ల వాదన. చేతికి అందుతున్న ఓటుని, దాన్నిచ్చే కారణం మర్యాదగా లేదని వద్దనడానికి ఎంత గుండె కావాలి! అప్పుడు వాళ్ల మాట చెల్లలేదు. తరవాత రాజ్యాంగంలో చెల్లింది. మతం, కులం, స్త్రీ పురుష భేదం చూడకుండా అందరికీ ఒకటే జాబితా అని 325వ అధికరణం, వయోజన ఓటు అని 326వ అధికరణం చెబుతున్నాయి. ఆ రాజ్యాంగ సభలో కూర్చున్న 15 మంది స్త్రీలలో మన రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయమ్మ ఒకరు.

ఇంకొక ముచ్చట. రాజ్యాంగం రాయడం పూర్తి కాకముందే, 1947 చివరినించే, ఈ జాబితా పని మొదలుపెట్టారు. దేశ విభజనతో లక్షల మంది శరణార్థులు కట్టుబట్టలతో వచ్చిపడుతున్న రోజులు. ఊళ్లో ఇన్నాళ్లు నివాసం ఉంటేనే పేరు రాస్తామంటే వాళ్ల గతేం కావాలి? ఇక్కడే స్థిరపడతామని ఒక మాట రాసిస్తే చాలు, పేరు రాసుకోండి అని పైనించి ఉత్తర్వు వెళ్లింది. కాని కొన్నిచోట్ల కింది అధికారులు రాసుకోలేదు. అప్పుడు పౌర సంఘాలు, శరణార్థుల సంఘాలు ఢిల్లీకి ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాయి. ఆ ఉత్తరాలని రాజ్యాంగ సభ కార్యాలయం చెత్తబుట్టలో పారెయ్యలేదు. చదివి, జవాబులు రాసి, కింది అధికారులని కదిలించింది. ఉత్తర్వు వేసిన కచేరీకి అది అమలు కావడంలేదని తెలిసింది ఆ ఉత్తరాలు రాసినవాళ్ల వల్లనే. ఉత్తరాలు రాసినవాళ్లకి పని జరిగింది వాటిని చదివేవాడు అవతల ఉండబట్టి. మనం పెద్ద పెద్ద మాటల్లో వ్యవస్థ, పౌరుడు అంటామే, ఆ రెండింటి సంబంధం ఇంతే.

సరే, 28 లక్షల మందితో మొదలైన కథ ఎక్కడిదాకా వచ్చిందో చూద్దాం. 1962 లోక్‌సభ ఎన్నికల్లో మగవాళ్లు నూటికి 63 మంది ఓటేస్తే ఆడవాళ్లు 47 మంది కూడా వెయ్యలేదు. 2024లో స్త్రీలు 65.78 శాతం, పురుషులు 65.55 శాతం. మనం వాళ్లని దాటాం, వెంట్రుకవాసి తేడాతోనే అనుకోండి. ఇప్పుడు పేరు చెప్పడానికి సిగ్గుపడేవాళ్లు లేరు. అయితే చిక్కు తీరిపోయిందా? రూపు మారింది.

ఆడపిల్ల ఉన్నచోట ఉండదు. అదీ చిక్కు. పద్దెనిమిదేళ్లకి పుట్టింట్లో పేరు రాయించుకుంటుంది. పెళ్లవుతుంది. విజయవాడ పిల్ల హైదరాబాదు కోడలవుతుంది. ఇంటిపేరు మారుతుంది. పుట్టింట్లో కె. లక్ష్మి, అత్తింట్లో పి. శ్రీలక్ష్మి. ఆధార్ కార్డులో ఒకటి, ఓటరు కార్డులో ఇంకొకటి. తరవాత ఆయనకి బదిలీ, లేకపోతే అద్దె పెంచారని ఇల్లు మారడం. గ్యాసు కనెక్షను మార్పిస్తాం, పిల్లల స్కూలు మార్పిస్తాం, పాలవాడికి చెప్పి వస్తాం. ఓటు మాత్రం పాత ఇంట్లో వదిలేసి వస్తాం. కొన్నాళ్లకి ఎవరో విచారణకి వస్తారు. "ఆవిడ ఇక్కడ లేరండీ, వెళ్లిపోయారు." పేరు పోతుంది. ముందు నోటీసు ఇవ్వాలని చట్టం చెబుతుంది. ఆ నోటీసు మాత్రం ఎక్కడికి వెడుతుంది? జాబితాలో ఉన్న చిరునామాకి, అంటే ఆ పాత ఇంటికే! ఇక్కడ తప్పు ఎవరిదంటే నేను చెప్పలేను. వాళ్లు లేరన్నది నిజం. వెతకలేదన్నదీ నిజం.

అద్దె ఇంట్లో ఉన్నాం, మాకు ఓటు రాదేమో అని కొందరు అనుకుంటారు. అదేం లేదు. చట్టం అడిగేది మామూలుగా మీరు ఎక్కడ ఉంటున్నారని, ఆ ఇల్లు ఎవరిదని కాదు. సొంత ఇల్లు ఉన్నంతమాత్రాన అక్కడ ఓటు రాదు, అద్దె ఇల్లయినంతమాత్రాన పోదు. ఇల్లుగలావిడ ఇష్టాయిష్టాలతో పనిలేదు.

మాటల్లో మాట. సైన్యంలో పనిచేసేవాళ్లు తమ సొంత ఊళ్లో ఓటరుగా ఉండవచ్చు, వెంట ఉన్న భార్యా ఉండవచ్చు అని 1950 చట్టం. మరి సైన్యంలో ఉన్నది భార్య అయితే? ఆమె భర్తకి ఆ సౌకర్యం లేదు, చట్టంలో "భార్య" అనే మాటే ఉంది కాబట్టి! 2021 డిసెంబరులో సవరణ చేసి, భార్య గాని భర్త గాని అన్న అర్థం వచ్చేట్టు ఆ మాట మార్చారు. డెబ్భై ఏళ్ల పాటు ఆ ఒక్క మాట అలా కూర్చుని ఉంది.

పేర్లు పోవడం అన్నది పేదవాళ్లకో, చదువురానివాళ్లకో మాత్రమే జరిగేది అనుకోకండి. 2018 డిసెంబరు 7న తెలంగాణ శాసనసభ ఎన్నికల నాడు బాడ్మింటన్ క్రీడాకారిణి గుత్తా జ్వాల తన పేరే జాబితాలో లేదని బయటపెట్టారు. ఆమె ఒక్కరే కాదు, పేర్లు గల్లంతై తిరిగి వెళ్లినవాళ్లు చాలామంది. ఆనాటి ప్రధాన ఎన్నికల అధికారి వాళ్లకి క్షమాపణ చెప్పారు. మరుసటి ఏడు ఆంధ్రప్రదేశ్‌లో ఇంకో రకం. ఎన్నికల ముందు, పేర్లు తీసెయ్యమని కోరే ఫారం 7 దరఖాస్తులు లక్షల్లో వచ్చిపడ్డాయి. విచారిస్తే, ఎవరి పేరున దరఖాస్తు పడిందో వాళ్లకే ఆ సంగతి తెలియని ఉదంతాలు బయటికొచ్చాయి. పోలీసు కేసులు పెట్టారు. తప్పుడు సమాచారం రాసిస్తే ఏడాది దాకా జైలు అని చట్టంలో ఉంది కూడా.

ఇటీవలి సంగతి, బీహారుది. 2025లో అక్కడ జాబితాని మొదటినుంచీ సరిచూడాలని ఎన్నికల సంఘం పూనుకుంది. ఆగస్టు 1న ముసాయిదా వచ్చింది. అంతకుముందు జాబితాలో ఉన్నవాళ్లలో 65 లక్షల మంది అందులో లేరు. చనిపోయారు, వెళ్లిపోయారు, రెండుచోట్ల ఉన్నారు అని కారణాలు. చనిపోయినవాళ్ల పేర్లు ఉంచాలని ఎవరూ అనరు. కాని ఆ 65 లక్షల మంది ఎవరు, ఎవరిని ఏ కారణాన తీశారు? అది విడిగా చెప్పలేదు. కేసు సుప్రీంకోర్టులో నడుస్తుండగా, చచ్చిపోయినట్టు రాసిన మనుషులు బతికి వచ్చి కోర్టు హాల్లో నిలబడ్డారు. ఆగస్టు 14న కోర్టు ఉత్తర్వు వేసింది: తీసిన ప్రతి పేరూ, తీసిన కారణంతో సహా అందరికీ కనిపించేట్టు ప్రకటించండి. సెప్టెంబరు 30న తుది జాబితా వచ్చేసరికి 7 కోట్ల 24 లక్షలుగా ఉన్న ముసాయిదా 7 కోట్ల 42 లక్షలయింది. పెరిగినవాళ్లలో కొత్తగా ఓటు వచ్చినవాళ్లూ ఉన్నారు, పోయిన పేరు తిరిగి తెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు.

1951లో సేన్ పేర్లు తీశారు, ఇప్పుడూ తీశారు. తీయవలసిన పేర్లు అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. తీసేవాడు తీసిన సంగతి ఆ మనిషికి తెలియజేశాడా, ఆ మనిషి చెప్పేది విన్నాడా అన్నదే నాకు ముఖ్యంగా కనిపిస్తుంది. ఇందాక గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. బీహారులో ఒక సంస్థ చెప్పనిది ఇంకో సంస్థ చెప్పించింది. దాన్ని కదిలించినది కోర్టు మెట్లెక్కిన మనుషులు. ఎన్నికల సంఘం స్వతంత్రంగా ఉండాలి, ప్రధాన కమిషనరుని సుప్రీంకోర్టు జడ్జిని తీసే పద్ధతిలో తప్ప తీయరాదు అని రాజ్యాంగం కాపు కాసింది. కమిషనర్లని ఎవరు ఎంపిక చెయ్యాలన్న వాదం 2023లో సుప్రీంకోర్టులో ఒక తీర్పు దాకా, ఆ తరవాత పార్లమెంటులో కొత్త చట్టం దాకా వెళ్లింది. అది పెద్ద విషయం, దానికి ఇంకో రోజు కావాలి. ఎవరు కమిషనరు అయినా, మా ఇంట్లో ఎంతమంది ఉన్నారో ఆయనకి కల రాదు కదా!

అందుకని మన చేతిలో ఉన్నదేమిటో చెబుతాను. మీ పేరు ఉందో లేదో ఎన్నికల సంఘం వెబ్‌సైటులో చూసుకోవచ్చు. అది చేతకాకపోతే 1950 నంబరుకి ఫోను చెయ్యండి. కార్డు పెట్టెలో భద్రంగా ఉంది కదా అని ధీమాగా ఉండకండి. కార్డు ఉన్నంతమాత్రాన ఓటు ఉన్నట్టు కాదు, పేరు జాబితాలో ఉండాలి. కొత్తగా రాయించుకోవడానికి ఫారం 6. ఇల్లు మారినా, పేరులో తప్పున్నా, ఇంటిపేరు మారినా ఫారం 8. పద్దెనిమిదేళ్లు నిండిన పిల్లలకి ఇదివరకు జనవరి 1 ఒక్కటే లెక్క. ఇప్పుడు ఏడాదికి నాలుగు తేదీలు: జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు ఒకటో తారీఖులు. మీ అమ్మాయికి నవంబరులో పద్దెనిమిది నిండితే ఆ వచ్చే జనవరికి అర్హత వస్తుంది.

ఇల్లు మారారనో, అర్హత లేదనో పేరు తీయబోతే మీరు చెప్పేది వినకుండా తీయడానికి అధికారికి వీల్లేదు. ఆయన తీర్పు మీకు సమ్మతం కాకపోతే పదిహేను రోజుల్లో కలెక్టరుకి అప్పీలు చేసుకోవచ్చు. అక్కడా కాకపోతే ముప్ఫై రోజుల్లో రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి. లాయరు లేకపోయినా ఫరవాలేదు, ఒక కాగితం రాసిస్తే చాలు.

పోలింగు నాడు వెళ్లేసరికి మీ ఓటు ఇంకెవరో వేసేసి ఉంటే? ఏడుపు మొహంతో వెనక్కి రాకండి. మీరు మీరేనని రుజువు చూపిస్తే ప్రిసైడింగ్ ఆఫీసరు మీకు కాగితం బ్యాలెట్ ఇచ్చి తీరాలి. దాన్ని టెండర్డ్ ఓటు అంటారు. అది విడిగా కవరులో పెడతారు, మామూలు లెక్కింపులో కలపరు. మరి వేసి ఏం లాభం అంటారా? 2008లో రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారాలో సి.పి. జోషి గారు ఒకే ఒక్క ఓటు తేడాతో ఓడిపోయారు. ఆ కేసు కోర్టుకెక్కినప్పుడు ఈ కవర్లలోని టెండర్డ్ ఓట్ల మీద కూడా వాదం నడిచింది.

చివరగా ఒకటి, చెప్పడానికి మనసొప్పదుగాని చెప్పాలి. మన ఇంట్లో పెద్దవాళ్లు పోతే వాళ్ల పేరు తీయించవలసింది మనమే. అదీ ఫారం 7తోనే. అత్తగారి పేరు జాబితాలోంచి కొట్టించడానికి కోడలికి చెయ్యాడదు. "ఉండనిద్దురూ, పోయేదేముంది" అంటాం. ఆ పేరు ఖాళీగా ఉండదు, ఎవరో ఒకరు దాని మీద ఓటు వేసిపోవడానికి అవకాశం ఉంటుంది. ఈ పేర్లు చూడటానికి మన పేటకి ఒక బి.ఎల్.ఓ. ఉంటారు. ఆవిడ అంగన్‌వాడీ టీచరో, మునిసిపల్ ఉద్యోగో అయి ఉంటుంది. తన ఉద్యోగం చేసుకుంటూనే వెయ్యి పేర్ల దాకా చూడాలి. ఏ ఇంట్లో ఎవరు పోయారు, ఏ వాటాలోకి ఎవరు కొత్తగా దిగారు, ఏ పిల్ల కాపరానికి వెళ్లింది అన్నది ఆవిడకంటే మీకే బాగా తెలుసు. ఆవిడ పేరు, ఫోను నంబరు ఎన్నికల సంఘం వెబ్‌సైటులోనే దొరుకుతాయి. ఈసారి ఆవిడ తలుపు తట్టినప్పుడు లోపలినించి "మావారు లేరండీ, సాయంత్రం రండి" అనకుండా, లోపలికి పిలిచి కూర్చోబెట్టి, ఆ కాగితంలో మీ ఇంటి పేర్లన్నీ ఒకసారి చదవమనండి.